మేర

గడియారం చౌరస్తాల, జిరాక్సు దుకాణం మీద
నాది ఒక్క అర్ర.
కిటికీకి రెక్క లేదు, పాత ఫ్లెక్సీ కట్టిన.
రెండు కుర్చీలల్ల రెండోది ఎప్పుడూ ఖాళీ.
నా తాన్కి ఎవ్వరూ రారు,
నేనే వాళ్ల దుకాణాలల్ల పోయి కూసుంట.

కింద చాయ్ పోసే పోచవ్వ అడుగుతది,
ఏం పని బిడ్డా నీది?
గోడలు లేని గల్లలు కడత అంటే
గిలాసలు కడుక్కుంటనే నవ్వింది.

రమావత్ సక్రిది నీళ్ల ప్లాంటు.
ఫ్లోరైడు ఊర్లకు పొద్దుగాల్నే ఆటో పోతది.
ఏ ఇంట్ల ఎన్ని క్యాన్లు దిగినయ్, ఎన్ని మళ్లి రాలేదు,
మునుపు గోడ మీద బొగ్గుతోని గీతలు గీసేది.
పండుగకు సున్నమేసిన్రు,
మూడు వేలు ఆ సున్నం కిందనే ఉన్నయ్.
ఇప్పుడా గోడ ఆమె ఫోన్ల ఉన్నది.
చదువు రాదు గనక
పేర్ల జాగల ఫోటోలు పెట్టిన:
నీలి దర్వాజ. వంకర గేటు. కరిసే కుక్క.

బత్తాయి కమీషన్ జంగయ్యకు
ఏ తోట, ఎన్ని టన్నులు, సూటు కింద ఎంత కోసిండు.
(కోసింది రైతుకు కనపడేటట్టు పెడతనన్న.
ఇంకా ఒప్పుకోలే.)
సెంట్రింగు సామాను కిరాయికిచ్చే ఖదీర్‌కు
ఏ స్లాబు కింద ఎన్ని రేకులు
ఎన్ని దినాల నుంచి నిలబడ్డయో.

పదకొండు మంది. నెలకు ఆరు నూర్లు.
ఒకటో తారీకు నుంచి అయిదు దాకా
ఫోను టింగుమంటది, టింగుమంటది,
మధ్యల ఒకదినం ఏం మోగది.
ఆ దినం నేను లెక్కలు చేయ.

మోటర్ వైండింగు ఎల్లేశం మాత్రం ముక్కుసూటి మనిషి.
"ఒక్కపారి కట్టినవ్, పైసలిచ్చిన.
ఇల్లు కట్టిన మేస్త్రి
నెల నెల వచ్చి చెయ్యి సాపుతడా?"
నోట్లె మాట నోట్లెనే ఉన్నది.
రాగి తీగె చుట్టలు చూసుకుంట లేసొచ్చిన.

మెట్లెక్కంగ తాత యాదికొచ్చిండు.
కమ్మరి కొలిమి మాది, గుర్రంపోడు దిక్కు.
నాగలికి కర్రు ఒక్కపారే చేసేటోడు,
కానీ భూమి ఊకుంటదా?
రాయి తగిలి వంగుతది, చాలుకు చాలుకు అరుగుతది.
తెల్లారకముందే రైతు భుజానేసుకొని వచ్చేది.
కాల్చి, సాగగొట్టి, నీళ్లల్ల సుయ్యిమనిపిచ్చి ఇచ్చేది,
ఆనాడు పైస అడగకపోయేది.
పంట కళ్లంలకు వచ్చినంక
నాగలికి కుంచెడు, మేర.

ఇది ఎల్లేశానికి చెప్పాలనుకున్న. చెప్పలే.

ఎండకాలం. బోర్లు అడుగంటి మోటర్లు కాలుతున్నయ్.
రాత్రి పదకొండుకు ఫోన్, కొత్త నంబరు.
"ఫోను డ్రమ్ముల పడ్డదమ్మా.
నలభై మూడు మోటర్లున్నయ్ షెడ్డుల,
ఏది ఎవనిదో, అడ్వాన్సు ఎంతో..."
"మీ పిల్లగాని ఫోన్ అందుకోండ్రి," అన్న.
పది నిమిషాలు పట్టింది.
అవతల ఏం సప్పుడు లేదు.
ఎన్కకెల్లి ఎవరో సదువుతుండ్రు:
"ముష్టిపల్లి నర్సింహ, ఏడున్నర హెచ్‌పీ, రెండు వేలు..."
ఎల్లేశం ఏమీ అనలే,
ఫోన్ పెట్టేసుడు కూడ మరిచిండు.

గెలిచిన్నని చెప్పుకోబుద్ధి కాలే ఎందుకో.

ఎందుకంటే నాకెరుకే,
ట్రాక్టరొచ్చిన యేడు
ఊర్ల ఎవ్వరూ తాతతోని కొట్లాడలే,
ఇయ్యమని ఎవ్వరూ అనలే.
ఊకె, కళ్లానికి పిలువలే.
రేపు ఎల్లేశం కొడుకే
ఫోనుతోని మాట్లాడి ఈ గల్ల కట్టించుకుంటడేమో.
చిన్నపిల్లను అప్పుడు, చూసిన:
సంచి మడిచి సంకల పెట్టుకొని
కళ్లం అంచుకు నిలబడేటోడు,
గింజల దిక్కు కాదు,
ఎటో, గుట్టల దిక్కు చూసుకుంట.

ఇయ్యాల ఒకటో తారీకు.
ఫోన్ బోర్లిచ్చి పెట్టిన.
ఫ్లెక్సీ గాలికి కొట్టుకుంటున్నది,
సందులకెల్లి గుట్ట కొంచెం కనపడుతది.

టింగుమన్నది.
తిప్పి చూడలే, ఇంక కొంచెం సేపు.